మూత తెరుచుకునే సిస్టమే కొనండి

2022లో కలెక్టరేట్ వచ్చినప్పటి నుంచి శామీర్‌పేట వైపు జిరాక్స్ షాపులు, ఆన్‌లైన్ అప్లికేషన్ల షాపులు బాగా పెరిగాయి. ఏ షాపులోకి తొంగిచూసినా టేబుల్ మీద పలకలా నిలబడ్డ ఆల్ ఇన్ వన్ కంప్యూటరే. మా మేనల్లుడు కూడా అదే పాట. "సీపీయూ డబ్బా ఇప్పుడెవరు కొంటున్నరు మామా? ఇదైతే ఒక్క వైరు, చూడనీకి నీట్‌గ ఉంటది" అంటాడు.

నీట్‌గా ఉంటుంది, ఒప్పుకుంటా. అడ్మిషన్ల రోజుల్లో పొద్దున్నే షట్టర్ ఎత్తేసరికి అది ఆన్ కాకపోతే నీట్‌ను ఏం చేసుకుంటాం?

మా రోజుల్లో సిస్టం కొనాలంటే మేడ్చల్‌లో 229 ఎక్కి సికింద్రాబాద్‌లో దిగి, పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోవాల్సిందే. బోర్డు ఒక షాపులో, ర్యామ్ ఇంకో షాపులో, మానిటర్ కింది అంతస్తులో. 845 బోర్డు, పెంటియం 4, 128 ఎంబీ ర్యామ్‌తో మొదలుపెట్టాం. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో శుభలేఖలు కొట్టేవాళ్లం. ఒక పెళ్లిళ్ల సీజన్ బాగా నడిస్తే ర్యామ్ పెంచాం, ఇంకో సీజన్‌కు సీడీ రైటర్ వచ్చింది, ఆ తర్వాత రెండో హార్డ్ డిస్క్. చేతిలో నాలుగు డబ్బులు ఆడినప్పుడల్లా సిస్టం కూడా ఎదిగేది. ఒకేసారి అప్పు చేసి అన్నీ కొనాల్సిన అవసరమే రాలేదు.

హైవే మీద లారీల దుమ్ము మేడ్చల్‌లో ఏ షాపునూ వదలదు. ఒకరోజు స్క్రీన్ నల్లగా ఉండిపోతుంది, లోపలి నుంచి ఆగకుండా బీప్‌లు. వెనకాల రెండు స్క్రూలు విప్పి పక్క మూత లాగితే ఫ్యాన్ రెక్కల మీద మసి పేరుకుని ఉండేది. బ్లోయర్ కొట్టి, ర్యామ్‌కు రెండు వైపులా ఉన్న క్లిప్పులు వెనక్కి నెట్టి బయటికి తీసి, దాని బంగారు రంగు పళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, మళ్లీ స్లాట్‌లో పెట్టి బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని క్లిప్పులు పడేవి. పవర్ ఇస్తే ఒకే ఒక్క పొట్టి బీప్. అది వినపడగానే కస్టమర్‌కూ మాకూ కలిపి చాయ్ చెప్పేవాళ్లం. ఖర్చు, ఒక రబ్బరు ముక్క.

ఇదేదో మా గొప్ప కాదు. 1981లో ఐబీఎం పీసీ వచ్చినప్పుడే అందులో కార్డులు గుచ్చుకోవడానికి స్లాట్లు పెట్టారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ కొలతలు పెట్టి, బోర్డుకు స్క్రూ రంధ్రాలు ఎక్కడుండాలో, పవర్ సప్లై ఏ సైజులో ఉండాలో ఖాయం చేసింది. అందుకే పాత ఏటీఎక్స్ క్యాబినెట్‌లో ఇవాళ్టి బోర్డు కూడా కూర్చుంటుంది.

ఆల్ ఇన్ వన్ కథ వేరు. లోపల ఎక్కువగా ల్యాప్‌టాప్ సామానే. బోర్డును ఆ ఒక్క మోడల్‌కు సరిపడా కోస్తారు, చాలావాటిలో ప్రాసెసర్‌ను దానికే అతికేస్తారు, కొన్నింటిలో ర్యామ్‌ను కూడా. మాకు తెలిసిన ఒక స్టేషనరీ షాపాయన సెట్‌కు వానాకాలంలో కరెంటు పోయి వచ్చిన దెబ్బకు బోర్డు పోయింది. స్క్రీన్ మాత్రం అద్దంలా ఉంది. బోర్డు తెప్పించాలి, కొత్తదాని ధరలో సగం అవుతుంది, ఎప్పుడొస్తుందో చెప్పలేం అన్నారు సర్వీస్ వాళ్లు. పోనీ స్క్రీన్‌నైనా మానిటర్‌గా వాడుకుందామంటే దానికి హెచ్‌డీఎంఐ ఇన్ లేదు. బోర్డుతోపాటు బాగున్న స్క్రీన్ కూడా మూల పడింది. నాకు కడుపు మండేది ఇక్కడే.

2025 అక్టోబర్ 14న విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ ఆగింది. విండోస్ 11 పాత ప్రాసెసర్లను ఒప్పుకోదు. టవర్ ఉన్నవాడు బోర్డు, ప్రాసెసర్, కావాలంటే ర్యామ్ మారుస్తాడు. క్యాబినెట్, మానిటర్, కీబోర్డు, ఎస్‌ఎస్‌డీ అలాగే ఉంటాయి. ఆల్ ఇన్ వన్ ఉన్నవాడికి ఆ దారి లేదు.

డాక్టరు గారి రిసెప్షన్‌లోనో, చిన్న ఫ్లాట్‌లో పిల్లల చదువుకో అది బాగానే పనికొస్తుంది. కరెంటు తక్కువ తాగుతుంది, చోటు కలిసొస్తుంది. దాని మీదే బతికే షాపుకు మాత్రం వద్దంటాను.

ఇంకో బాధ. అప్పట్లో ప్రతి బస్తీలో ఒక పిల్లవాడు డబ్బాలు విప్పుతూ విప్పుతూనే పని నేర్చుకునేవాడు. ఇవాళ అదే వయసు పిల్లలు ఫోన్లకు గ్లాసులు అతికిస్తున్నారు. 2022లో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది, మంచిదే. కానీ పార్టే విడిగా దొరకకపోతే హక్కు ఉండి ఏం లాభం?

మేనల్లుడికి చీటీ రాసిచ్చా. నాలుగు ర్యామ్ స్లాట్ల బోర్డు, ఇప్పటికి ఒకటే ర్యామ్. పేరున్న ఎస్‌ఎంపీఎస్, అక్కడ కక్కుర్తి వద్దు. యూపీఎస్ తప్పనిసరి. 2023 నుంచి మేడ్చల్‌కు ఎంఎంటీఎస్ కూడా ఉంది కాబట్టి సామాను పట్టుకుని బస్సులో నిలబడే తిప్పలు లేవు. బిల్లు మీద ఒక్కో పార్టు సీరియల్ నంబరు విడిగా రాయించుకోమన్నా, దేని వారంటీ దానిదే కదా.