నా వంతు అయిపోనాది!

గాజువాకలో ఒక మేడమీది పూల్ పార్లర్. బల్లమీది పచ్చగుడ్డ ఓ మూల చిరిగితే టేపు అంటించారు. షిఫ్టు దిగొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు ఒక జట్టు, ఇంకో ఇద్దరు ఎదుటి జట్టు. జంటాటలో ఒక దెబ్బ ఒకడు కొడితే తర్వాతి దెబ్బ వాడి జతగాడు కొట్టాలి. మొదటివాడు ఎడాపెడా బాదాడు. తెల్లబంతి పోయి పోయి ఎనిమిదో బంతి వెనకాల నక్కింది.

"ఏట్రా ఇది? ఇలగొదిలేస్తే నేనెలగ కొట్టాల?"

"నా వంతు అయిపోనాది. ఇంక నీ ఇష్టం."

అనేసి, క్యూకర్ర గోడకి ఆనించి టీకి పోయాడు. ఆ కుర్రాడికి రాజకీయాల్లో బంగారు భవిష్యత్తుందని నాకప్పుడే తెలిసిపోయింది.

ఈ ఆటకి ప్రపంచకప్పు కూడా ఉంది. 2006లో వేల్స్‌లోని న్యూపోర్టులో మొదలెట్టారు. దేశానికి ఇద్దరేసి, నైన్‌బాల్, దెబ్బకి ఒకరు. తొలి కప్పు ఫిలిప్పీన్స్ జంట ఎఫ్రెన్ రేయెస్, ఫ్రాన్సిస్కో బుస్టమాంటే ఎగరేసుకుపోయారు. బంతిని గుంటలో వేయడం ఎవరైనా నేర్చుకుంటారు. వేశాక తెల్లబంతిని జతగాడికి అనువైన చోట నిలబెట్టడమే అసలు విద్య.

మనవాళ్లకి ఆ విద్య రాదనుకునేరు. 2018లో దోహాలో స్నూకర్ టీమ్ ప్రపంచకప్పు ఫైనల్లో పంకజ్ అద్వానీ, మనన్ చంద్ర పాకిస్తాన్ మీద 0–2తో వెనకబడి, 3–2తో గెలిచారు. విశాఖకి కూడా క్యూకర్ర కొత్త కాదు. 2017 సెప్టెంబరులో ఇండియన్ ఓపెన్ స్నూకర్ ఇక్కడే జరిగింది. జాన్ హిగిన్స్ 5–1తో ఆంథొనీ మెక్‌గిల్‌ని ఓడించి కప్పు పట్టుకెళ్లాడు. ఐదు రోజుల్లో లెక్క తేలిపోయింది.

అర్ధశతాబ్దం దాటినా తేలని జంటాట ఒకటి ఊళ్లో వేరే ఉంది. ఆ బల్ల పేరు విశాఖ ఉక్కు. జట్టులో ఢిల్లీ దొర ఒకరు, రాష్ట్రం దొర ఒకరు. రాష్ట్రం దొరగారి అడ్రసు హైదరాబాదు నుంచి అమరావతికి మారింది గానీ ఆట మారలేదు.

నైన్‌బాల్‌కి ఒక ధర్మం ఉంది. బల్లమీద అన్నిటికన్నా చిన్న నంబరు బంతినే ముందు తాకాలి. ఒకటి ఉండగా తొమ్మిది మీదికి పోతే ఫౌల్. ఉక్కు ఫ్యాక్టరీకి ఒకటో నంబరు బంతి ఇనుప గని. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు, 1992లో పీవీ జాతికి అంకితమిచ్చారు. సున్నపురాయికి జగ్గయ్యపేట, డోలమైటుకి మాదారం, మాంగనీసుకి గర్భాం ఉన్నాయి. ఇనుముకే సొంత గని లేదు! పందిరి వేశారు, భజంత్రీలొచ్చారు, పప్పన్నం ఉడికింది, పెళ్లికొడుకుని మాత్రం అద్దెకి తెచ్చుకోమన్నారు.

బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం ఈ ఫ్యాక్టరీ పుట్టకముందే కొత్తవలస–కిరండూల్ లైను మీద కొండలు దిగి, విశాఖ పోర్టులో ఓడెక్కి జపాను పోయేది. పక్కనే పుట్టిన ఫ్యాక్టరీ మాత్రం ఆ ఖనిజాన్ని బజారు ధర పెట్టి కొనుక్కోవాలి. నష్టాలెందుకొచ్చాయంటే, "దానికి ఆడటం రాదండీ" అంటారు.

2021 జనవరి 27న ఢిల్లీ దొర ఒక్క దెబ్బ కొట్టారు: నూటికి నూరు శాతం వాటా అమ్మకం. తర్వాత రాష్ట్రం వంతు. ఉత్తరం రాశారు, అసెంబ్లీలో తీర్మానం చేశారు. తీర్మానమంటే క్యూకర్ర కొనకి చాక్ రుద్దడం. రుద్దడంలో మనవాళ్లని మించినవాళ్లు లేరు. నీలం పొడి ఢిల్లీ దాకా ఎగిరింది, బంతి అంగుళం కదల్లేదు.

2024లో దొరలిద్దరూ చేతులు కలిపారు. డబుల్ ఇంజన్ అన్నారు. ఫ్యాక్టరీలో మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి: గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఆ సెప్టెంబరులో మండింది ఒక్కటే. పైన రెండు ఇంజన్లు, కింద ఒక పొయ్యి! అన్నపూర్ణ పేరు పెట్టుకున్నచోట జీతాలు వాయిదాల్లో వడ్డించారు.

2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ వచ్చింది. కాదనను, ఆకలిగొన్నవాడి విస్తట్లో అన్నం పడితే వంక పెట్టకూడదు. పూలదండలు పడ్డాయి, పాలాభిషేకాలయ్యాయి. హడావిడి సద్దుమణిగాక బల్లకేసి చూస్తే, ఒకటో నంబరు బంతి పెట్టిన చోటే ఉంది. గని ఏదని అడిగితే రాష్ట్రం ఢిల్లీని చూపిస్తుంది, ఢిల్లీ రాష్ట్రాన్ని చూపిస్తుంది. ఇద్దరిదీ ఒకటే మాట: నా వంతు అయిపోనాది.

పార్లర్లో ఓడిన జట్టే బల్ల అద్దె కట్టాలి. ఉక్కు బల్ల అద్దె మాత్రం ఆడినవాళ్లు ఏనాడూ కట్టలేదు. 1966 ఉక్కు ఉద్యమంలో 32 మంది ప్రాణాలతో కట్టారు. 64 ఊళ్లు పొలాలతో, ఇళ్లతో కట్టాయి. ఇప్పుడు గేటు బయటికి గెంటిన కాంట్రాక్టు కార్మికులు నోటికాడి కూడుతో కడుతున్నారు. వీళ్లలో ఒక్కరి చేతికీ క్యూకర్ర ఇచ్చిన పాపాన పోలేదు.

గాజువాక కుర్రాళ్లు అనుకున్నట్టే ఓడారు. అద్దె అడిగితే వీడు వాడిని చూపించాడు, వాడు వీడిని చూపించాడు. పార్లర్ ఆయన టీ గ్లాసు కింద పెట్టి, లేచి వెళ్లి, మెట్ల తలుపుకి గడియ పెట్టాడు.

"వంతులు మీ ఆటలో చూసుకోండి బాబూ. డబ్బులిద్దరూ పెట్టండి. లేపోతే ఎవుడూ మెట్లు దిగడు."

రెండు నిమిషాల్లో ఇద్దరి జేబులూ తెరుచుకున్నాయి. ఆ పెద్దమనిషికి ఉక్కు ఫ్యాక్టరీ కూర్మన్నపాలెం గేటు దగ్గర ఓ కుర్చీ, ఓ గడియ ఇప్పిద్దామని చూస్తున్నాను.