నిద్రపుచ్చని మాత్ర గోడు

తన గురించి ‘నేను’ అని చెప్పుకోవడం ఈ మాత్రకు చేతకాదు. రేకు మీద అచ్చయిన పేరు ఫెక్సోఫెనడిన్, 180 మి.గ్రా. ఆ పేరుతోనే తన కథ విప్పుతోంది.

ఫెక్సోఫెనడిన్ మొదట పుట్టింది ఫ్యాక్టరీలో కాదు, మనుషుల కాలేయంలో. తల్లి టెర్ఫెనడిన్. 1985లో అమెరికాలో అనుమతి పొంది, మత్తు రాకుండా అలర్జీ తగ్గించే మందుగా పేరు తెచ్చుకుంది. ఒంట్లోకి వెళ్లిన తల్లిని కాలేయం బిడ్డగా మార్చేసేది. పని బిడ్డది, పేరు తల్లిది! అయితే ఎరిత్రోమైసిన్, కీటోకొనజోల్ వంటి మందులు తోడైతే కాలేయానికి ఆ పని సాగేది కాదు. తల్లి మారకుండా రక్తంలో పేరుకుపోయి గుండె లయ తప్పించేది. ప్రాణాలూ పోయాయి. 1996లో బిడ్డకు అనుమతి వచ్చింది. 1998లో తల్లి అమెరికా మార్కెట్ నుంచి తప్పుకుంది. ఈ సంగతి చెప్పాల్సి వస్తే మాత్ర ఇప్పటికీ నసుగుతుంది.

తయారీలో విశేషమేమీ లేదు: పొడి, అచ్చు, పూత, రేకు.

గొప్పలు చెప్పుకోవాలంటే పని గురించే. వయ్యారిభామ పుప్పొడి ముక్కులో దూరితే చాలు, కొందరి ఒంట్లో హిస్టమిన్ విడుదలవుతుంది. అది గ్రాహకాలను తాకిందా, తుమ్ములే తుమ్ములు. అదే చర్మంలో విడుదలైతే దద్దుర్లు. ఆర్టీసీ బస్సు సీటు మీద తువ్వాలు వేసినట్టు ఫెక్సోఫెనడిన్ ఆ గ్రాహకాలను ముందే పట్టేసుకుంటుంది. మెదడులోకి మాత్రం దాదాపు పోలేదు. పి-గ్లైకోప్రొటీన్ అనే కాపలా ప్రొటీన్ బయటికి నెట్టేస్తుంది. మత్తు రానిది అందుకే. అలర్జీకే వాడే ఏవిల్ వేసుకుని పగలంతా తూగినవాళ్లకు ఈ తేడా చెప్పక్కర్లేదు.

అయినా నింద తప్పదు. ‘నిద్రే రాలేదు, ఇదేం మందు?’ అంటాడొకాయన. ఇంకొకాయన బత్తాయి రసంతో మింగుతాడు. నారింజ, ఆపిల్ రసాలతో తీసుకుంటే మందు ఒంటికి సరిగా పట్టదనీ, మంచినీళ్లే మేలనీ ఎవరైనా చెబితేగా! ఆరు వారాలు దాటినా వదలని దద్దుర్లకు దురద ఉన్నా లేకున్నా రోజూ వేసుకోవాలి. చాలకపోతే డాక్టరు మోతాదు నాలుగింతల దాకా పెంచవచ్చు. మూత్రపిండాల జబ్బుంటే తగ్గిస్తారు. మరొకాయన మాత్రం రెండు రోజులు మింగి, దద్దుర్లు మాయమవగానే మానేశాడు. అవి మళ్లీ లేచాయి. తిట్లు మాత్రకు.

నాలుక, గొంతు వాచి ఊపిరి ఆడకపోతే తన కోసం వెతకొద్దని మాత్రే మొత్తుకుంటుంది. అప్పుడు కావలసింది అడ్రినలిన్ ఇంజక్షన్, ఆస్పత్రి.

అసలు కోపం కత్తెర మీద. మందుల షాపులో నాలుగు మాత్రలు కత్తిరించి ఇచ్చారు. పేరులో సగం, గడువు తేదీ మొత్తం రెండో ముక్కతో పోయాయి. రెండు మాత్రలు ఖర్చయ్యాయి. మిగిలినవి వంటింటి అలమారలో, అమృతాంజనం సీసాకూ రబ్బరు బ్యాండ్లకూ మధ్య పడి ఉన్నాయి.

‘ఇవి దేనికత్తయ్యా?’ కోడలు రేకు తిప్పి చూసింది.

‘ఏమోనమ్మా, జ్వరానికేమో. ఉండనీ, పనికొస్తాయి.’