తువ్వాల కింద బేరం

(2026 కనుమ నాటి మధ్యాహ్నం. చిలకలూరిపేట దాపున ఒక ఊరు. డాబా ముందు పందిరి, ప్లాస్టిక్ కుర్చీలు, మినప గారెలు, నాటుకోడి పులుసు. కూర్చున్నవాళ్ళు వీళ్ళు: డాలస్ అల్లుడు, పేరు అనవసరం, వీధికి ముగ్గురున్నారు. గుంటూరు మిర్చి యార్డులో కొట్టున్న కమిషన్ మావ. ఒంగోలు వైపు నుంచి పండక్కి వచ్చిన ఎడ్ల పెద్దయ్య. ఉద్యోగం వదిలినా క్లాసు వదలని మేష్టారు. బీరువాలో మూడు రంగుల కండువాలున్న చోటా నాయకుడు. అరుగు చివర, కుర్చీ వేసినా కూర్చోని కౌలు రైతు.)

అల్లుడు: పోయినేడు ఫిబ్రవరి ఒకటో తారీకు రాత్రి ఫ్రిస్కోలో మనవాళ్ళెవరూ నిద్రపోలేదు మావయ్య గారూ. మా బాస్కెట్‌బాల్ జట్టు డాలస్ మావరిక్స్ వాళ్ళు లూకా డాన్చిచ్‌ని లాస్ ఏంజెలస్ లేకర్స్‌కి ఇచ్చేశారు.

మావ: లూకా అంటే మీ ఆఫీసు కుర్రాడా?

అత్తగారు (వంటింట్లోంచి): ఆ 77 నంబరు చొక్కా అబ్బాయండీ! అల్లుడు గారు నిరుడు మీకు తెచ్చిచ్చారుగా!

మావ: ఓ, ఆ చొక్కానా. (మేష్టారి చెవిలో) దాన్ని మిరప చేలో దిష్టిబొమ్మకి తొడిగాం. మీ దగ్గరే ఉంచుకోండి.

అల్లుడు: పాతికేళ్ళవాడు. స్లొవేనియా వాడు, 2018లో మా జట్టుకి వచ్చాడు. 2024లో మా జట్టుని ఫైనల్ దాకా మోసుకెళ్ళాడు. బోస్టన్ చేతిలో ఓడిపోయాం, సరే. ఎనిమిది నెలలు తిరక్కుండా సాగనంపారు.

మావ: ఎంతకి?

అల్లుడు: డబ్బుకి కాదండీ, మార్పిడి. ఆంథొనీ డేవిస్ అని పెద్ద ఆటగాడు, మాక్స్ క్రిస్టీ అని ఒక కుర్రాడు, 2029లో కొత్త ఆటగాళ్ళని తీసుకునేటప్పుడు లేకర్స్‌కి ఉండే మొదటి రౌండ్ హక్కు.

మావ: ఉండండి, లెక్క వేసుకోనివ్వండి. డేవిస్ అసలు సరుకు. క్రిస్టీ కొసరు. ఆ 2029 అనేది ఇంకా దున్నని చేలో కాయ. విత్తనం ప్యాకెట్టు మీద బొమ్మ చూసి అడ్వాన్సు ఇచ్చినోళ్ళని చూశాను గానీ, ప్యాకెట్టు కూడా లేకుండానా!

పెద్దయ్య: ఆ డేవిస్‌కి వయసెంతబ్బా?

అల్లుడు: అప్పటికి ముప్పై రెండుకి దగ్గర.

పెద్దయ్య: ఆరు పళ్ళ గిత్తని ఇచ్చేసి, ఎనిమిది పళ్ళూ వచ్చేసినదాన్ని తోలుకొచ్చారు. కాళ్ళు పట్టి చూశారా?

అల్లుడు: డాలస్ తరఫున మొదటి ఆటలోనే, హ్యూస్టన్ మీద, 26 పాయింట్లు చేసి తొడ దగ్గర కండరం పట్టేసి కూలబడ్డాడు.

పెద్దయ్య: చూడలా. మరి లూకాకి జోడు ఎవరు?

అల్లుడు: కైరీ అర్వింగ్.

పెద్దయ్య: ఎలపటిదాన్ని అమ్మితే కాడి బరువంతా దాపటిదాని మెడ మీదే పడుద్ది. ఎన్నాళ్ళు లాగాడు?

అల్లుడు: నెల. మార్చి 3న మోకాలిలో లిగమెంటు తెగింది.

(ఈ రెంటికీ సంబంధం ఉందని ఏ డాక్టరూ అనలేదు. పెద్దయ్యకి డాక్టరు అక్కర్లేదు. బండలాగుడు పోటీల్లో ఇద్దరు ఆసాముల ఎడ్లని ఒక కాడికి కట్టి కంబైన్డ్ అని పేరు రాయించి దింపినప్పుడల్లా ఆయన ఇలాగే మొహం పెడతాడు.)

మావ: సరుకు సంగతి అటుంచండి. ఎంతమంది పాడారు?

అల్లుడు: ఒక్కరే. మా జనరల్ మేనేజర్ నికో హారిసన్, లేకర్స్ తరఫున రాబ్ పెలింకా జనవరిలో డాలస్ హోటల్లో కాఫీ తాగుతూ మొదలెట్టారు. కొనగల మిగతా జట్లకి చీమ చిటుక్కుమన్నట్టు కూడా తెలీదు.

మావ (లేచి నిలబడి): ఒక్క బేరగాడికా! అల్లుడు గారూ, మా యార్డులో పది టిక్కీలు, అంటే బస్తాలే, తెచ్చినోడి కాయ కూడా నలుగురు చూడాలి, ఈనామ్ ఆన్‌లైన్ వేలంలో ధర కొట్టాలి. ఎవడెక్కువ వేస్తే వాడిది. అదీ మార్కెట్ అంటే!

కౌలు రైతు: పోయినేడు నా ముప్పై టిక్కీలకి ఎంతమంది ధర కొట్టారండీ?

మావ: నీ సంగతి వేరురా.

పెద్దయ్య: మా సంతలో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని బేరం చేస్తాం. అదీ చాటు బేరమే. కానీ ఆ తువ్వాల కిందకి పది మంది చేతులొస్తాయి. ఈయన ఒక్క చెయ్యి పట్టుకుని తువ్వాల దులిపేశాడు.

చోటా నాయకుడు: మీకు తెలీదు పెద్దయ్యా. ఇలాంటివి ముందు చెప్తే జరగవు. నేను పోయినసారి కండువా మార్చినప్పుడు మా ఆవిడ కూడా టీవీలోనే చూసింది. అంతకుముందు రోజే ప్రాణం పోయినా పార్టీ మారనని మైకులో చెప్పి ఉన్నా.

మేష్టారు: తేడా ఉంది. లూకాని ఇంకొకరు అమ్మారు. నీది స్వయం విక్రయం.

చోటా నాయకుడు: అయితే నన్ను మెచ్చుకోండి, మధ్యలో కమిషన్ లేదు. మరి మీ డాలస్‌లో జనం ఏం చేశారు?

అల్లుడు: స్టేడియం ముందుకి శవపేటిక తెచ్చారు. హారిసన్‌ని పీకెయ్యమని ప్రతి ఆటలో అరిచారు. నేనూ అరిచాను. మీ అమ్మాయి వీడియో తీసింది.

చోటా నాయకుడు: దిష్టిబొమ్మ?

(మావకి పొలమారింది. అత్తగారు మంచినీళ్ళు తెచ్చింది.)

మావ: ఇంతకీ ఎందుకు అమ్మినట్టు?

అల్లుడు: డిఫెన్స్ ఉంటేనే చాంపియన్‌షిప్ వస్తుందన్నాడు హారిసన్. ఇంకోటి, లూకాతో కొత్త ఒప్పందం రాసుకోవాలంటే అయిదేళ్ళకి 34.5 కోట్ల డాలర్లు అయ్యేది. ఆ తర్వాత రోజుకో కబురు బయటికొచ్చింది. ఒళ్ళు పెంచాడు, కసరత్తు చెయ్యడు, మాటిమాటికీ దెబ్బలు తగిలించుకుంటాడు అని.

మావ: కొన్నవాళ్ళు అన్నారా?

అల్లుడు: కాదు. అమ్మిన వైపు నుంచే.

(మావ తింటున్న గారె పళ్ళెంలో పెట్టేశాడు. ఆయన గారె మధ్యలో ఆపటం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.)

మావ: అమ్మినవాడే? మేష్టారూ, విన్నారా? కాయ చేతిలోకి తీసుకుని, విరిచి, వాసన చూసి, తేమ ఎక్కువుంది, తాలు కలిసింది, రంగు చచ్చింది అనటం కొనేవాడి హక్కు. వాడి నోరు ఆ పని కోసమే పుట్టింది. అమ్మేవాడు, తేజ కాయ స్వామీ, పొద్దున కోసినట్టుంది అనాలి. తన టిక్కీ తానే విప్పి ఇదుగో తాలు చూడండి అనేవాడు గుంటూరు యార్డు గేటు ఇంతవరకు దాటలా. అదీ బేరం అయిపోయాక!

మేష్టారు: బేరం అయిపోయాక కాబట్టే అన్నాడు. కొన్నవాడికి వినపడటానికి కాదది, ఇంట్లోవాళ్ళకి వినపడటానికి. పొలం అమ్ముకొచ్చినవాడు ఆ రాత్రి భోజనాల దగ్గర, దానికి నీళ్ళెక్కవు, అసలు చవిటి నేల అంటాడే, అదీ.

మావ: కొన్నవాళ్ళేమన్నారు?

అల్లుడు: ఏమంటారు? నవ్వు ఆపుకోవటానికే టైం సరిపోలేదు.

పెద్దయ్య: ఒళ్ళు పెంచాడని అమ్మారా? మా కరవది గిత్తని 1960ల్లో బ్రెజిలోళ్ళు తీసుకుపోయారు. ఇప్పుడు ఆ దేశంలో మన ఒంగోలు రక్తం మందలకి మందలు. పేరు చెప్పండి మేష్టారూ, ఆ రికార్డు ఆవుది.

మేష్టారు: వయాటినా-19. 1,101 కిలోలు. 2023లో వేలంలో 43 లక్షల డాలర్ల పైన విలువ కట్టారు, గిన్నిస్‌కెక్కింది. అదీ మొత్తం అమ్మలేదు, మూడో వంతు వాటా మాత్రమే.

పెద్దయ్య: విన్నావా అల్లుడూ? వెయ్యి కిలోలు దాటింది, ఒళ్ళెక్కువైందని ఎవడన్నా తోలేశాడా? వాటా పెట్టి అమ్ముకున్నాడు. బుద్ధంటే అదీ.

మేష్టారు: చరిత్రలో ఇలాంటిది బేస్‌బాల్‌లో జరిగింది. 1919 డిసెంబరులో బోస్టన్ వాళ్ళు బేబ్ రూత్‌ని న్యూయార్క్‌కి అమ్మారు. 1918లో గెలిచిన కప్పు మళ్ళీ ఇంటికొచ్చింది 2004లో. ఎనభై ఆరేళ్ళు. దీని నుంచి మనం గ్రహించాల్సినవి నాలుగు…

అత్తగారు: మేష్టారూ, పులుసు చల్లారిపోతుంది.

(నాలుగూ ఎవరికీ తెలియకుండా పోయాయి.)

మావ: పోనీ, హారిసన్ సంగతేమైంది?

అల్లుడు: ఓడిపోయి ఓడిపోయి ఉన్న జట్టుకి మే నెలలో, కొత్త ఆటగాళ్ళని ముందుగా ఎంచుకునే లాటరీ తగిలింది. 1.8 శాతం అవకాశం. దాంతో కూపర్ ఫ్లాగ్ అని ఆణిముత్యం లాంటి కుర్రాడు వచ్చాడు.

పెద్దయ్య: గుడ్డెద్దు చేలో పడ్డట్టు.

అల్లుడు: అయినా సరే, నవంబరు 11న హారిసన్‌ని తీసేశారు. తొమ్మిది నెలలు. ఈలోగా ఏప్రిల్‌లో లూకా లేకర్స్ చొక్కాతో డాలస్ వచ్చాడు. ఆట ముందు పాత వీడియో వేస్తే కూర్చుని ఏడ్చాడు. లేచి 45 పాయింట్లు కొట్టాడు. మా మీదే! నేను చప్పట్లు కొట్టాను. ఎవరి కోసం కొడుతున్నానో నాకే తెలీలేదు.

చోటా నాయకుడు: ఆ ఇబ్బంది నాకు ప్రతి సభలో ఉంటది. అలవాటైపోద్ది.

కౌలు రైతు (మొదటిసారి అరుగు దిగి): ఫిబ్రవరి అంటిరి గదా బాబూ. ఆ ఫిబ్రవరిలోనే మా కాయ క్వింటా పదకొండు వేలకి పడింది. అంతకుముందేడు ఇరవై వేలు చూసిన కాయ. మేం గొడవ చేస్తే ఢిల్లీలో 11,781 అని రేటు రాశారు. మీ లూకాని తీసేస్తే శవపేటిక మోశారు. మా కాయకి ఒక్కడు అరవలా.

మావ: అది అంతర్జాతీయ మార్కెట్‌రా. ఎగుమతులు తగ్గినై.

కౌలు రైతు: లూకా తిరిగొచ్చి 45 కొట్టాడు, అమ్మినోళ్ళకి బుద్ధొచ్చింది. నా కాయ కోల్డ్ స్టోరేజీ నుంచి తిరిగొస్తే ఎవర్నీ కొట్టదు. అద్దె కట్టించుకుని వస్తది. కమిషన్ మాత్రం రేటు పెరిగినా పోయిద్ది, తగ్గినా పోయిద్ది.

మావ: ఇంకో గారె వెయ్యండే వీడికి!

(పెద్దయ్య జేబులో ఫోను మోగింది. చూసి, భుజం మీది తువ్వాల తీసి ఫోనుకి అడ్డం పెట్టుకుని, పందిరి గుంజ చాటుకి నడిచాడు. పందిట్లో మాటలు వాటంతటవే ఆగిపోయాయి.)

పెద్దయ్య (గుంజ చాటు నుంచి): …దాపటిదేనా? … జత కాదా? … పధ్నాలుగా? … ఇంకెవరికీ చెప్పలేదులేబ్బా, నువ్వొక్కడివే…

అల్లుడు: పెద్దయ్యా!

పెద్దయ్య (వచ్చి కూర్చుని): ఏంలేదబ్బా. నంద్యాల వైపు ఆసామి. ఊరికే పలకరించాడు.

మేష్టారు: మొన్న పోటీలో ప్రథమ స్థానం కొట్టిన గిత్తేనా?

పెద్దయ్య: కొట్టింది, కాదన్లా. కానీ మేష్టారూ, ఈమధ్య దానికి మేత ఎక్కువైంది. ఒళ్ళు చేసింది. బండ కదిలేటప్పుడు వెనక ఎడమ కాలు కొంచెం…

కౌలు రైతు: కాలికేమైంది? పొద్దున పసుపు రాసి పూలు కట్టి, దీన్ని మించింది పుట్టలేదంటివి!

పెద్దయ్య: అది పొద్దున మాట. వాడు రెండు పళ్ళ కోడె ఒకటి ఇస్తానంటున్నాడు, పైన డబ్బు.

మావ: కోడెని చూశావా?

పెద్దయ్య: వాట్సాప్‌లో ఫొటో పెడతానన్నాడు. అది సరేగానీ అల్లుడూ, ఆ లూకా సంగతి చెప్పబ్బా, మధ్యలో ఆపావు.