అల్లుడుగారు అలిగారు

ఈ వారం మీ ఇంటికీ ఆ సందేశం వచ్చే ఉంటుంది. సెట్ టాప్ బాక్సుకు ఇంటర్నెట్ కలపండి, లేకపోతే పూర్తి వినోదం మీకు దక్కదు అని. మా బాక్సయితే టీవీ పెట్టినప్పుడల్లా ఆ మాటే తెరంతా పరిచి కూర్చుంది. మా ఆవిడ చూసి, "అల్లుడుగారు అలిగారండీ" అంది.

నిజమే. దూరపు సంబంధం మరి. 36 వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహం నుంచి వస్తాడు. కింది నుంచి పైకి, పైనుంచి మా డాబా మీదికి పావు సెకనులో దిగిపోతాడు. మర్యాదలకు లోటు చేశామా? పదేళ్లుగా ఎండలో గొడుగు పట్టాం. వానొస్తే మొహం చాటేస్తాడు, సున్నితమైన మనిషి అని సర్దుకున్నాం. లాంఛనాలు నెలనెలా ఇచ్చాం. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాటికి హద్దు గీసింది: నెట్‌వర్క్ కెపాసిటీ ఫీజు 130 రూపాయలు, 18 శాతం జీఎస్టీతో 153 రూపాయల 40 పైసలు. పే ఛానెళ్లకు విడిగా. 2024లో ఆ హద్దూ చెరిపేశారు. అల్లుడి ఇష్టం, మామ ఖర్మ.

ఇప్పుడు అలకపాన్పు ఎక్కి వైఫై అడుగుతున్నాడు. తనకోసం కాదట, వెంట తెచ్చిన స్నేహితుల కోసమట. వాళ్ల పేరు యాప్‌లు.

సరే, పెట్టించాం. తీగ కరెంటు స్తంభాల మీదుగా రావాలి. 2025 ఆగస్టులో హైదరాబాద్‌లో ఆ తీగలు తెగ్గోస్తే గొడవ హైకోర్టు దాకా వెళ్లడం మీకు గుర్తుండే ఉంటుంది. మూడు రోజులు ఎదురు చూశాక ఓ కుర్రాడు వచ్చి, వీధిగుమ్మం పక్కన గోడకు చిల్లి పొడిచి, రూటర్ తగిలించి వెళ్లాడు. అల్లుడుగారు లోపలి గదిలో. మధ్యన రెండు గోడలు. సిగ్నల్ అందడం లేదని మళ్లీ అలక. పూజగది గుమ్మం మీదుగా తోరణంలా ఇంకో తీగ లాగాం.

పాస్‌వర్డ్ కొట్టాలి. రిమోట్‌తో. ఒక్కో అక్షరానికీ బాణం గుర్తు నాలుగుసార్లు నొక్కుతూ, మధ్యలో పెద్దబడి అక్షరం ఎక్కడుందో వెతుక్కుంటూ. మా పెళ్లిలో పురోహితుడు కూడా ఇంతసేపు కూర్చోబెట్టలేదు. ఓటీపీ బెంగళూరులో ఉన్న మా అబ్బాయి ఫోన్‌కు పోయింది. వాడు మీటింగులో ఉన్నాడు. వాడు ఎత్తేలోగా ఓటీపీకి గడువు తీరింది.

చివరికి స్నేహితులందరూ తెర మీద వరుసగా కొలువుతీరారు. ఒకణ్ణి పలకరిస్తే చందా కట్టమన్నాడు. ఇంకొకడు పలికాడు గానీ, తెర మధ్యన గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూ ఉండిపోయాడు.

అప్పుడు మా అమ్మాయి తాపీగా అంది: "నాన్నా, ఈ యాప్‌లన్నీ మన టీవీలోనే ఉన్నాయి కదా. నెట్ వచ్చాక ఇంక బాక్సెందుకు?"

నెట్ లేకపోతే స్నేహితులు దండగ. నెట్ ఉంటే అల్లుడే దండగ. మరి నేను పదేళ్లుగా ఎవరికి గొడుగు పట్టినట్టు?

ఇంతవరకూ నవ్వుకున్నాను. ఆదివారం ఊరెళ్లాక నవ్వు రాలేదు. అక్కడ మా అమ్మ ఒక్కతే ఉంటుంది. ఎనభై దాటాయి. ఆ వీధికి ఫైబర్ తీగ రాలేదు. ఆవిడ బాక్సులోనూ అదే సందేశం. ఓకే నొక్కితే పోతుందని ఆవిడకు తెలియదు. డబ్బు కట్టలేదు కాబోలు అనుకుని, నన్నడగడం ఇష్టంలేక, నాలుగు రోజులుగా టీవీ ఆపేసి గోడకేసి చూస్తూ కూర్చుంది.

తీగ రాని ఊళ్ల కోసం కాదుటయ్యా ఉపగ్రహం? 1975 ఆగస్టు 1 నుంచి, నాసా దగ్గర అరువు తెచ్చుకున్న ఉపగ్రహంతో, కోళ్లగూటికి కట్టే ఇనుప వలను డిష్‌గా మలిచి, ఆరు రాష్ట్రాల్లో 2,400 ఊళ్లకు టీవీ చూపించారు. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఊళ్లూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ వచ్చాయి. ఆ ఊళ్లను ఎవరూ తీగ అడగలేదు. యాభై ఏళ్ల తర్వాత, ముందే డబ్బు పుచ్చుకుని, ముసలమ్మ తెరకు అడ్డంగా నిలబడి మీకు పూర్తి వినోదం దక్కదని చెప్పడానికి సిగ్గుండాలి.

ఆ బాక్సు పీకించేశాను. డీడీ ఫ్రీ డిష్ పెట్టించాను. 2004 నుంచి ఉన్నదే, నెలవారీ చందా లేదు. ఛానెళ్లు తక్కువే. అమ్మ సప్తగిరి చూస్తోంది.