డీన్ గారి ప్లేట్‌లెట్లు

మా డీన్ మూడు రోజులుగా పెరుగన్నం ముట్టలేదు. డీన్ అంటే మా కుక్క. నాలుగేళ్ల కిందట ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద వానకి వణుకుతూ దొరికాడు. పిలిస్తే పలకడు, ఎదురుపడితే మొహం తిప్పుకుంటాడు, మధ్యాహ్నం ఎప్పుడెళ్లి చూసినా కునుకులో ఉంటాడు. అందుకని పేరు విషయంలో ఇంట్లో పెద్దగా చర్చ జరగలేదు. 1939లో నిజాం చేతుల మీదుగా మొదలైన ఆ గులాబీ రాతి భవనం నీడలో పుట్టాడు కాబట్టి మా ఇంటికి అసలు సిసలు ఉస్మానియా ప్రొడక్ట్ వాడే. నాది దూరవిద్య.

పైగా సమయానికి క్యాంపస్ ఖాళీ చేసినవాడు. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు విద్యాసంస్థల ఆవరణల్లోంచి వీధికుక్కల్ని తరలించమంది. గడువు దాటినా కదలని హాస్టల్ గదుల సంగతి తెలిసినవాళ్లకి, ఆ పని మనుషుల దగ్గరే ఎంత సాఫీగా నడుస్తుందో చెప్పక్కర్లేదు.

తార్నాక సందులో డాక్టరుగారు డీన్ పెదవి ఎత్తి చూశారు. జామపండు గుజ్జులా ఉండాల్సిన చిగుళ్లు సున్నం కొట్టినట్టున్నాయి. చెవి వెనక వెంట్రుకలు పాయ తీసి, చిన్న పట్టకారుతో ఒక గోమారును లాగి కాగితం మీద పెట్టారు. మినపగింజంత ఉంది, బూడిద రంగు, పొట్ట నిండా మావాడి నెత్తురు. వెల్లకిలా పడి కాళ్లు ఆడిస్తోంది. ఇంత ప్రాణికా మేం మూడు రోజులుగా నిద్ర మానుకున్నది! ముందుకాలి మీద అగ్గిపెట్టంత మేర బొచ్చు గొరిగి, ఊదారంగు మూత గొట్టంలోకి రక్తం తీశారు.

"టిక్ ఫీవర్‌లా ఉంది. రిపోర్టు రేపు సాయంత్రం ఐదుకి వాట్సాప్‌లో వస్తుంది."

అంటే ఇరవై ఎనిమిది గంటలు. మా ఆవిడ కాలభైరవుడికి ముడుపు కట్టింది. సంబంధిత శాఖ ఆయనదే కదా.

తార్నాకలో ఉండటంలో ఒక సౌఖ్యం ఉంది, ఒక కష్టమూ ఉంది. రెండూ ఒకటే: ఇరుగుపొరుగంతా సైంటిస్టులు. ఇటు పోషకాహార సంస్థ, అటు రసాయన సాంకేతిక సంస్థ, హబ్సిగూడ వైపు జరిగితే సీసీఎంబీ, భూభౌతిక పరిశోధన సంస్థ. ఇంతమంది రిటైరైన బుర్రలు సాయంత్రం లాండ్‌స్కేప్ గార్డెన్ దగ్గర ఒకేచోట నడుస్తుంటే, వాళ్ల మధ్యకి నేను నా కుక్క జ్వరం పట్టుకెళ్లాను. పోషకాహారం ఆయన పెరుగన్నంలో ప్రొటీన్ చాలదన్నారు. కణాల ఆయన నమూనాని ఎన్ని డిగ్రీల దగ్గర పెట్టారని అడిగారు. నేనేదో తప్పు చేసినట్టే తలదించుకున్నాను. రసాయనాల ఆయన సబ్బు మార్చమన్నారు. భూమి ఆయన ఒక్కరే నిజాయతీపరుడు. "నేలలోపల ఏముందో చెప్పమంటే చెప్తాను గానీ కుక్కలోపల సంగతి నాకు తెలీదండీ," అని ముందుకు సాగిపోయారు.

మిగతా అందరూ కలిసి ఒప్పుకున్నది ఒక్కటే. బొప్పాయి ఆకు రసం. డెంగీ పుణ్యమా అని హైదరాబాద్‌లో ప్లేట్‌లెట్ల మాట రాని మనిషి లేడు. ఇంటికొచ్చేసరికి గేటుకి ఎవరో రెండు ఆకులు గుచ్చి పోయారు కూడా.

రాత్రి నేను ఫోన్ తెరిచాను. తెరవకూడదు, తెరిచాను. ఈ రోగానికి మూలమైన ఎర్లిషియా కేనిస్‌ని 1935లో అల్జీరియాలో కుక్కల రక్తంలో మొదట కనిపెట్టారట. గోమారు కుట్టినప్పుడు ఒంట్లోకి దిగి, తెల్లకణాల్లో కాపురం పెడుతుంది. దాంతో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ముక్కులోంచి నెత్తురు కారొచ్చు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం కుక్కలు వందలకొద్దీ దీనితోనే చచ్చాయి. ఇదంతా చదివి, పన్నెండింటికీ ఒంటిగంటకీ రెండింటికీ లేచి డీన్ ముక్కుకి టార్చి వేశాను. మూడోసారి వాడు కళ్లు తెరిచి, సెలవు అడగడానికొచ్చిన లెక్చరర్ని చూసినట్టు చూసి మళ్లీ పడుకున్నాడు.

నా టార్చి వెలుగు చూసి మేడ మీద కుర్రాడు దిగొచ్చాడు. మహబూబాబాద్ పిల్లాడు. పగలు యూనివర్సిటీ లైబ్రరీ బయట చెట్టు కింద, రాత్రి మా మేడ గదిలో చదువు.

"ఏమైంది అంకుల్, పంటలేరా?"

"రిజల్ట్ కోసం చూస్తున్నామయ్యా. నిద్ర పట్టట్లేదు."

ఉలిక్కిపడ్డాడు. "ఏ రిజల్టు అంకుల్? ఏ నోటిఫికేషన్?"

చెప్పాను. పాపం, నవ్వలేదు. మెట్టు మీద కూర్చుని డీన్ తల నిమిరాడు. వాడి కథ నాకు తెలుసు. తెలంగాణ తొలి గ్రూప్-1కి 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో ప్రకటన వచ్చింది. అక్టోబర్ 16న ప్రిలిమ్స్ రాశాడు. పేపర్ లీకైందని 2023 మార్చిలో రద్దు. జూన్ 11న మళ్లీ రాశాడు. సెప్టెంబర్‌లో హైకోర్టు దాన్నీ కొట్టేసింది. 2024లో 563 పోస్టులతో కొత్త ప్రకటన, మూడోసారి ప్రిలిమ్స్. ఈసారి పరీక్ష నిలబడింది, వీడే పోయాడు. గట్టెక్కినవాళ్ల ర్యాంకులు కూడా 2025 సెప్టెంబర్‌లో ఒకసారి కోర్టులో పడి లేచాయి. ఇన్నేళ్లలో ఊళ్లో చెల్లెలి పెళ్లయింది, మేనల్లుడికి అక్షరాభ్యాసమైంది. వీడింకా కరెంట్ అఫైర్స్ చదువుతున్నాడు. చదివింది చదివినట్టే హిస్టరీలో కలిసిపోతోంది.

"ఇరవై ఎనిమిది గంటలే కదా అంకుల్," అన్నాడు మెల్లగా.

నాకు సిగ్గేసింది. అయినా మర్నాడు నాలుగున్నరకే ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

ఐదూ రెండుకి వచ్చింది. మూడు పేజీలు. అంకెల ముందు బాణాలు, కొన్ని పైకి, కొన్ని కిందకి. నా కళ్లజోడు దొరకలేదు, మా ఆవిడ చూడనంది. కుర్రాణ్ని పిలిస్తే రెండేసి మెట్లు దూకుతూ వచ్చి, హాల్‌టికెట్ నంబర్ వెతికినట్టు వేలుతో వరుసలు దిగాడు.

"ప్లేట్‌లెట్లు అరవై రెండు వేలు. కటాఫ్ ఎంతుంటది అంకుల్?"

"రెండు లక్షలట."

"పోయింది అంకుల్ మనోడిది," అన్నాడు, అనుభవజ్ఞుడిలా. "ఎర్లిషియా పాజిటివ్."

డాక్టరుగారు కంగారు పడొద్దన్నారు. సమయానికే తెచ్చారట. డాక్సీసైక్లిన్ ఇరవై ఎనిమిది రోజులు, ఖాళీ కడుపున వద్దు. వచ్చే గురువారం ఉదయం పదింటికి మళ్లీ రక్తపరీక్ష, రిపోర్టు శుక్రవారం ఐదింటికి.

కుర్రాడు ఇదంతా విని కాసేపు కదల్లేదు. "రీ-ఎగ్జామ్‌కి డేట్ గూడ చెప్పిండ్రా?"

"చెప్పారుగా. గురువారం."

"రిజల్టుకి?"

"శుక్రవారం ఐదు."

"వాయిదా పడదా?"

"ఎందుకు పడుతుందయ్యా?"

వాడు లేచి, గోడ మీది క్యాలెండర్ దగ్గరికెళ్లి, జేబులోంచి పెన్ను తీసి ఆ గురువారం చుట్టూ, శుక్రవారం చుట్టూ నిదానంగా సున్నాలు చుట్టాడు. డీన్ మొదటి బిళ్ల మింగినట్టే మింగి, వాడి చెప్పు మీద ఉమ్మేశాడు.