హైదరాబాద్ పక్కనే

తెనాలి ఎక్కడుంది? హైదరాబాద్ పక్కనే. నమ్మకం కుదరకపోతే డాలస్‌లో ఉద్యోగం చేస్తున్న తెనాలి వాళ్లెవరినైనా, వాళ్ల మేనేజరు వింటుండగా అడిగి చూడండి. ఆ రెండూళ్ల మధ్య దాదాపు 300 కిలోమీటర్ల రోడ్డు, ఒక కృష్ణానది, 2014 నుంచి ఒక రాష్ట్ర సరిహద్దు ఉన్న మాట నిజమే. అవేవీ అట్లాంటిక్ దాటి వెళ్లలేదు. అటు నెల్లూరూ పక్కనే, ఇటు నిర్మలూ పక్కనే. ఇచ్ఛాపురం వాళ్లు కాస్త మొహమాటపడతారు గానీ, చివరికి వాళ్లదీ పక్కనే.

ప్రవాసికి ఊరు ఒకటే ఉండదు. రకరకాల నోట్లు జేబులో పెట్టుకుని దుకాణాన్ని బట్టి బయటికి తీసినట్టు, అడిగేవాణ్ని బట్టి తీస్తాడు. అమెరికావాడు అడిగితే ఇండియా. పంజాబీ అడిగితే హైదరాబాద్. అప్పటికీ ఆయన "అచ్ఛా, మద్రాసీ!" అంటే నవ్వి ఊరుకోవడం. (కోస్తా, రాయలసీమ వాళ్లు 1953 అక్టోబరు 1 దాకా నిజంగానే మద్రాసు రాష్ట్రం వాళ్లు. కాబట్టి పంజాబీ అన్నది తప్పేం కాదు, డెబ్బై ఏళ్లు ఆలస్యమైంది, అంతే.) పాకిస్తానీ అడిగితే హైదరాబాద్ కూడా చెల్లదు. సింధులో వాళ్లకీ ఒక హైదరాబాద్ ఉంది. "మాదీ అక్కడే భాయ్" అని వాటేసుకున్నాక సర్దిచెప్పడం కష్టం. తమిళుడు అడిగితే ఆంధ్రా, తెలుగువాడు అడిగితే గుంటూరు, గుంటూరువాడు అడిగితే తెనాలి, తెనాలివాడు అడిగితే కొల్లిపర. ఇక ఆ కొల్లిపరవాడే ఎదురుపడితే వచ్చే ప్రశ్న "ఏ బజారు?" దాని సంగతి తర్వాత.

హైదరాబాద్ అనే జవాబులో అబద్ధం పాలు తక్కువేనని వాదించేవాళ్లున్నారు. వీసా ముద్ర పడింది అక్కడే కదా. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల హాస్టల్లో ఉండి, జావా నేర్చుకుని, టిఫిన్ సెంటర్లో అరువు పెట్టి వెళ్లింది అక్కడి నుంచే కదా. విమానం ఎక్కిన ఊరు సొంతూరవుతుందనే ఈ సూత్రం ప్రకారం శంషాబాద్ మండల జనాభా ఈపాటికి చైనాను దాటి ఉండాలి.

పైగా ఆంధ్రావాళ్లకు కొన్నాళ్లు చట్టమే అండగా నిలిచింది. రాష్ట్ర విభజన చట్టం హైదరాబాద్‌ను పదేళ్ల పాటు ఉమ్మడి రాజధాని చేసింది. అంటే 2024 జూన్ 2 దాకా భీమవరం వాడు న్యూజెర్సీలో "మాది హైదరాబాద్" అంటే, ఇంకేం కాకపోయినా, మా రాజధాని హైదరాబాద్ అని అర్థం చేసుకునే వీలుండేది. ఆ రోజుతో గడువు తీరింది. జవాబు మాత్రం మారలేదు. అమరావతికి శంకుస్థాపన జరిగింది 2015లో. ఆ తర్వాత మూడు రాజధానులన్నారు, మళ్లీ ఒకటే అన్నారు. ఈ లోగా "అమరావతి పక్కనే" అనే జవాబు విలువ అక్కడి ప్లాట్ల ధరతో పాటే పడుతూ లేస్తూ వచ్చింది.

తెలంగాణవాళ్ల కష్టం వేరు. వాళ్లు నిజం చెప్పినా నిలబడదు. 2010లో కరీంనగర్ జిల్లా నుంచి వెళ్లినాయన 2016 దసరా నాటికి జగిత్యాల జిల్లావాసి అయిపోయాడు. ఇల్లు కదల్లేదు, జిల్లాయే లేచి వెళ్లింది. పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33కి చేరాయి. ఆంధ్రప్రదేశ్ కూడా వెనకబడదలచుకోలేదు, 2022 ఏప్రిల్ 4న పదమూడింటిని 26 చేసింది. నరసరావుపేట వాళ్లు గుంటూరు జిల్లావాళ్లుగా నిద్రపోయి పల్నాడు జిల్లావాళ్లుగా లేచారు. అట్లాంటాలో ఉన్న వాళ్లబ్బాయికి ఈ సంగతి ఆధార్ కార్డు మార్చుకోవాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. 2014కు ముందు వరంగల్లో పుట్టినవాళ్లలో చాలామంది పాస్‌పోర్టుల్లో జన్మస్థలం పక్కన ఇప్పటికీ ఆంధ్రప్రదేశ్ అనే ఉంది. జై తెలంగాణ అని న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నినాదమిచ్చినవాడైనా సరే, ఇమిగ్రేషన్ అధికారి ముందు ఆంధ్రావాడే.

ఇదంతా బయటి వాళ్లకు చెప్పే జవాబు. ఇంటికొచ్చాక "ఎక్కడుంటున్నావు బాబూ?" అంటే అదే విద్య తిరగేసి ప్రదర్శిస్తాడు. ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వాళ్లందరూ డాలస్. నేపర్‌విల్ వాళ్లు చికాగో. ఎడిసన్ వాళ్లకు న్యూజెర్సీ అంటే నామోషీ, కాబట్టి న్యూయార్క్. ఈ విద్యలో నిజమైన ఘనులు సిరిసిల్ల, జగిత్యాల, నిజామాబాద్ వైపు పల్లెలు. అక్కడి లెక్కలో గల్ఫ్ మొత్తానికీ ఊరు ఒక్కటే. కొడుకు రియాద్‌లో ఉన్నా, మస్కట్‌లో ఉన్నా, దోహాలో తాపీ పని చేస్తున్నా "మా పెద్దోడు దుబాయిల ఉన్నడు". దుబాయి ముఖం ఎన్నడూ చూడనివాడు సెలవు మీద ఊళ్లో దిగితే "దుబాయోడు వచ్చిండు" అంటారు. అక్కడ లేబర్ క్యాంపులో "ఏ దేశం?" అని అడిగేవాడు ఇండియా అన్న మాట దగ్గరే ఆగిపోతాడు. ఆ పైన ఊరు, జిల్లా అడిగే ఓపిక వాడికి లేదు. హైదరాబాద్ పక్కనే అని చెప్పుకునే అవకాశం కూడా గల్ఫ్ కూలీకి దక్కలేదు.

ఇలా రేవు పేరో నగరం పేరో మనిషికి తగిలించడం ఐటీ వాళ్లతో మొదలైంది కాదు. పందొమ్మిదో శతాబ్దంలో విశాఖ, గోదావరి, గంజాం జిల్లాల నుంచి బర్మా వెళ్లిన కూలీలను అక్కడివాళ్లు "కోరంగీలు" అన్నారు. మారిషస్ వెళ్లిన తెలుగువాళ్లకూ అదే పేరు పడింది. కాకినాడ దగ్గరున్న కోరంగి ఆ పేరుకు మూలమైన రేవు. 1839 తుపానుకు ఆ రేవు నాశనమై మళ్లీ కోలుకోలేదు, పేరు మాత్రం సముద్రం అవతల బతికింది. మరోపక్క, 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలుకొని దక్షిణాఫ్రికా వెళ్లిన కూలీల జాబితాల్లో తెల్లదొరల గుమాస్తాలు ప్రతి మనిషికీ జిల్లా, తాలూకా, ఊరు, కులం వరసగా రాసిపెట్టారు. వీళ్ల మునిమనవలు ఇప్పుడు ఆ కాగితాలు పట్టుకుని ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. "హైదరాబాద్ పక్కనే" అని రాయించుకుని ఉంటే వాళ్ల గతేమిటి?

జవాబు చెప్పాల్సిన మనిషి ప్రసిద్ధుడైతే ఆ శ్రమ కూడా ఉండదు, ఊళ్లే వచ్చి చెప్తాయి. 2014 ఫిబ్రవరి 4న సత్య నాదెళ్ల మైక్రోసాఫ్ట్ అధిపతి అయ్యారు. సరిగ్గా రెండు వారాలకు లోక్‌సభలో తెలంగాణ బిల్లు పాసైంది. పుట్టింది, బడికెళ్లింది హైదరాబాద్‌లో కాబట్టి మావాడని ఒకరు, తండ్రి యుగంధర్ గారిది అనంతపురం జిల్లా బుక్కాపురం కాబట్టి మావాడని మరొకరు. ఆస్తుల పంపకాల్లో నాదెళ్ల వారిని ఏ షెడ్యూలులోనూ చేర్చకపోవడం విభజన చట్టంలో పెద్ద లోపం. ఉషా వాన్స్ పుట్టింది కాలిఫోర్నియాలోని శాన్ డియాగోలో. ఆమె భర్త అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ పడగానే తణుకు దగ్గర వడ్లూరులో పూజలు మొదలయ్యాయి, ఉయ్యూరు దగ్గర సాయిపురం కూడా చుట్టరికం కలిపింది. ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. 2013లో నీనా దావులూరి మిస్ అమెరికా కిరీటం గెలిచిన రాత్రే సోషల్ మీడియాలో కొందరు అమెరికన్లు ఆమె అరబ్ అని తేల్చేశారు. ఆమె పుట్టింది న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్. మర్నాడు విజయవాడలో అమ్మమ్మ ఇంటి ముందు కెమెరాలు బారులు తీరాయి. సిరక్యూస్ అమ్మాయి అని అటూ ఒప్పుకోలేదు, ఇటూ ఒప్పుకోలేదు.

ఇన్ని జవాబుల మధ్య, ఒక్క జవాబుకు తప్ప దేనికీ విలువివ్వని చోటు ఒకటుంది. అది గ్రీన్ కార్డు క్యూ. ఉద్యోగాల మీద ఇచ్చే గ్రీన్ కార్డులు ఏడాదికి ఇంచుమించు 1,40,000. అందులో ఏ ఒక్క దేశానికీ సుమారు 7 శాతానికి మించి పోకూడదని అమెరికా చట్టం. ఎవరిది ఏ దేశమన్నది పాస్‌పోర్టును బట్టి కాదు, పుట్టిన చోటును బట్టి. అందుకే ఇండియాలో పుట్టిన ఇంజనీర్లు దశాబ్దాలు ఎదురుచూస్తుంటే, ఐస్‌లాండ్‌లో పుట్టినవాడు వచ్చిన దారినే కార్డు పుచ్చుకుపోతాడు.

ఇప్పుడు రాజంపేట నుంచి కువైట్ వెళ్లిన దంపతులను ఊహించుకోండి. అబ్బాయి కువైట్ ఆసుపత్రిలో పుట్టాడు. అక్కడ పుడితే పౌరసత్వం రాదు కాబట్టి కువైట్‌లో వాడు ఇండియావాడు. సెలవులకు రాజంపేట వస్తే కువైటోడు. కడపలో ఇంజనీరింగ్ చదివి అమెరికాలో అడుగుపెట్టి గ్రీన్ కార్డు దరఖాస్తు నింపగానే, ఒక్క దెబ్బకు కువైట్ కోటాలోకి వెళ్లిపోతాడు. వాడి పక్క సీట్లో కూర్చున్న, అదే రాజంపేటలో పుట్టి అదే కాలేజీలో మొదటి ర్యాంకు తెచ్చుకున్న మిత్రుడు ఇండియా క్యూలో తల నెరిపించుకుంటాడు. ప్రసవానికి తల్లిని పుట్టింటికి పంపని తండ్రి దూరదృష్టికి ఇంతకంటే గొప్ప ఫలం ఉంటుందా? ఇంకో వెసులుబాటు కూడా ఉంది. భర్త లేదా భార్య పుట్టిన దేశం కోటాను రెండోవారు వాడుకోవచ్చు. పెళ్లిళ్ల పేరయ్యల చెవిన ఈ సంగతి సరిగ్గా పడలేదు గానీ, పడ్డ రోజు "అమ్మాయి మస్కట్‌లో పుట్టింది" అన్న ఒక్క ముక్క ముందు అయిదెకరాల మాగాణి దిగదుడుపే.

మాగాణి అంటే గుర్తొచ్చింది. అంత క్యూ దాటి అమెరికా పౌరుడయ్యాక మనవాడికి హఠాత్తుగా పల్లె మీద ప్రేమ పుట్టుకొస్తుంది. అప్పటిదాకా హైదరాబాద్ అన్నవాడే "మాది పక్కా పల్లెటూరండీ" అని సభల్లో గర్వంగా చెప్పుకుంటాడు. అయితే భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డున్న ఆ పెద్దమనిషి ఆ పల్లెలో సెంటు సాగుభూమి కూడా కొనలేడు, చట్టం ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు. అందువల్ల పల్లె మీద ప్రేమ ఎంత పెరిగితే నాన్నగారి ఆరోగ్యం గురించి వాకబు అంత పెరుగుతుంది.

ఇక ఆ బజారు సంగతి. ఒకప్పుడు అమెరికాలో "వేర్ ఆర్ యూ ఫ్రమ్?" అని అడిగేవాడు తెల్లవాడో నల్లవాడో అయ్యుండేవాడు. 2010, 2017 మధ్య ఆ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు 86 శాతం పెరిగారని అక్కడి జనగణన విభాగం లెక్కలు చెప్తున్నాయి. ఇప్పుడు అడిగేవాడు తెలుగువాడే అయ్యే అవకాశం ఎక్కువ, వాడు ఇండియా అన్న మాట దగ్గర ఆగడు. మీదేవూరు, అక్కడెవరి తాలూకు, ఇంటిపేరేంటి, ఫలానావాళ్లు మీకేమవుతారు. మన పల్లెల్లో ఏ బజారు అంటే ఏ కులం అనే. పాట్‌లక్‌లో ప్లేటు చేతిలో పెట్టి, పులిహోర వడ్డిస్తూ, మూడు ప్రశ్నల్లో తేల్చేస్తారు. నాలుగో ప్రశ్న అవసరమైందంటే అడిగేవాడికి అనుభవం చాలదని అర్థం.

ఇది సరదా వ్యవహారమే అయ్యుంటే ఇక్కడితో వదిలేయవచ్చు. 2020లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగం ఒకటి, దళిత ఇంజనీరుపై కుల వివక్ష చూపారంటూ సిస్కో కంపెనీ మీద కేసు వేసింది; కంపెనీ ఆ ఆరోపణను ఖండించింది. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది, అమెరికా నగరాల్లో అదే మొదటిది. అదే ఏడాది కాలిఫోర్నియా చట్టసభ అలాంటి బిల్లునే ఆమోదిస్తే, ఉన్న చట్టాలే చాలునని గవర్నర్ న్యూసమ్ అక్టోబరులో తిప్పి పంపారు. బిల్లు వద్దన్నవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అమెరికాలో కులమెక్కడుందండీ అని వాళ్ల వాదన. అలా అన్నాయనే మర్నాడు గుడి మెట్ల మీద కొత్త కుర్రాణ్ని ఆపి "ఏ వూరు బాబూ మనది?" అంటాడు.

ఆ కుర్రాడు "హైదరాబాద్ అంకుల్" అంటాడు. "హైదరాబాద్ సరే, అసలు ఊరు?" "అసలు ఊరూ హైదరాబాదే అంకుల్, తాతల కాలం నుంచీ." తెనాలివాడు మేనేజరు ముందు హోదా కోసం వాడే మాటనే ఈ కుర్రాడు తలుపు గడియలా వాడుతున్నాడు. మహానగరంలో బజారుండదు, ఎవరి తాలూకో తేలదు, వెనక లాగడానికి తీగ ఉండదు. అంకుల్ మొహం మాడ్చుకుని చెప్పులు వెతుక్కుంటాడు. ఈ ఒక్క అబద్ధాన్ని మాత్రం ఎవరూ తప్పుపట్టక్కర్లేదు.

ఏ లెక్కా లేకుండా నిజం చెప్పేవాళ్లు ఇంకా మిగిలే ఉన్నారు. వాళ్లు ఆర్నెల్ల విజిటర్ వీసా మీద వచ్చిన తల్లిదండ్రులు. వేసవి సాయంత్రాలు ఫ్రిస్కో కాలిబాటల మీద కోతి టోపీ లేకుండా నడుస్తున్న పెద్దాయన ఎదురైతే ఆయన చేతికి చిక్కినట్టే.

"తెలుగువారేనా అండీ? ఏ వూరు?"

"పెదరావూరండీ, తెనాలి దగ్గర."

"అయ్యో, మా మేనత్తని ఇచ్చింది అక్కడే! రామాలయం వెనక, చెరువుకి ఇవతల, పెద్ద వేపచెట్టున్న ఇల్లు."

"ఆ చెట్టు కొట్టేశారు లెండి. వాళ్ల రెండోవాడు కాలువ పక్కన డాబా కట్టాడు. ఆ డాబాకి ఉత్తరాన మా దొడ్డి."

అలా సర్వే నంబర్లతో సహా అరగంట గడిచాక, మొదటాయన ఆప్యాయంగా అంటాడు, "ఒకసారి మా ఇంటికి రావాలండీ."

"తప్పకుండా. ఇంతకీ ఇక్కడ మీ ఇల్లెక్కడ?"

పెద్దాయన వెనక్కి తిరిగి చూస్తాడు. ఒకే రంగు ఇటుకలు, ఒకే తీరు గ్యారేజీలు, నలభై ఇళ్లు.

"ఏమోనండీ. మావాడికి ఫోన్ చేస్తే కారేసుకుని వస్తాడు."