నడక తక్కువ, నిలబడటం ఎక్కువ

విశాఖపట్నంలో తెల్లారకముందే బీచ్ రోడ్డెక్కే జనంలో సగంమంది సముద్రం మొహం చూడరు. ఉదయం పూట ఆర్.కె. బీచ్ దగ్గర వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే. ఆ రాజమార్గం మీద కాళీమాత గుడి నుంచి సబ్‌మెరైన్ దాకా, సబ్‌మెరైన్ నుంచి మళ్లీ గుడి దాకా వడివడిగా తిరిగేస్తుంటారు. నడుస్తూ మాట్లాడుకునే మాటల్లో మధురవాడ స్థలాల రేట్లుంటాయి, భోగాపురం విమానాశ్రయం పుణ్యాన అవి ఎక్కడికి పోతాయన్న జోస్యం ఉంటుంది, డాలస్‌లో కోడలి పురుడుంటుంది, పరగడుపున షుగరెంత, తిన్నాక ఎంత అన్న లెక్క ఉంటుంది. పక్కనే బంగాళాఖాతం ఉందన్న సంగతి గాలికి టోపీ ఎగిరిపోయినప్పుడు గుర్తొస్తుంది. టోపీ దొరకగానే మళ్లీ మధురవాడ.

నేను మిగతా సగంలో మనిషిని. అంటే నడవాల్సినవాణ్ణే గానీ నడవనివాణ్ణి.

మా డాక్టరుగారు రోజూ నలభై నిమిషాలు చెమట పట్టేలా నడవమన్నారు. వైజాగ్‌లో చెమట పట్టడానికి నడవక్కర్లేదండీ, ఊరికే నిలబడినా పడుతుందని చెప్పబోయాను గానీ, ఆయన అప్పటికే తర్వాతి పేషెంటుని పిలిచేశారు. ఈ సంగతి తెలిసి మా అమ్మాయి అమెరికా నుంచి ఓ వాచీ పంపించింది. టైము చెప్పడం దానికి చిన్నతనం. అడుగులు లెక్కపెడుతుంది. ఆ లెక్క నాకన్నా ముందు మా ఆవిడ ఫోన్లో కనబడుతుంది. ఇక్కడ బీచ్‌లో నేను ఆగానంటే అక్కడ ఇంట్లో కాఫీ ఆగిపోతుంది.

ఆగక ఏం చెయ్యను? చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలోకి దిగగానే ముందుగా కనబడేవి పీతల కన్నాలు. కన్నానికి రెండు బారల దూరంలో కదలకుండా నిలబడాలి. కాసేపటికి ముందు రెండు కళ్లు పైకొస్తాయి. కాడల చివర నిలబెట్టిన కళ్లు. అవి అటూ ఇటూ చూసి, ఎదురుగా ఉన్నది మనిషి కాదు, స్తంభమని నిర్ధారణ చేసుకున్నాక పీత అడ్డంగా బయటికొస్తుంది. ఓ పక్క కాళ్ల మధ్య తడి ఇసుక ముద్ద అదిమిపట్టుకుని ఉంటుంది. జానెడు దూరం పరుగెత్తి దాన్ని విసిరికొట్టి, వచ్చిన దారినే చటుక్కున లోపలికి దూరుతుంది. కాస్సేపటికి మళ్లీ కళ్లు, మళ్లీ ముద్ద. పోటొచ్చి ఇల్లు పూడిపోతే, నీరు తీయగానే మళ్లీ తవ్వకం మొదలు. బిల్డరుతో తగాదా లేదు, ఈఎంఐ లేదు, గుమ్మం ఏ దిక్కున ఉండాలని ఏ వాస్తు సిద్ధాంతినీ అడగదు.

సరిగ్గా పీత మూడోవంతు బయటికొచ్చిన సమయానికి నా మణికట్టు గజగజా వణుకుతుంది. ‘చాలాసేపటి నుంచి కదల్లేదు, ఇక కదలండి’ అని వాచీ హెచ్చరిక. నేను ఉలిక్కిపడతాను. నన్ను చూసి పీత ఉలిక్కిపడి కన్నంలో మాయమవుతుంది. ఆ వాచీ విషయంలో నాదీ పీతదీ ఒకటే అభిప్రాయం.

సూర్యుడి సంగతీ చెప్పాలి. బీచ్‌లో రోజూ ఒకేచోట నిలబడితే (నాకు అందులో మంచి అనుభవం ఉంది) ఆయన రోజూ ఒకేచోట రాడని తెలుస్తుంది. జూన్‌లో బాగా ఎడమకి, కైలాసగిరి వైపు జరిగి వస్తాడు. అక్కణ్ణుంచి రోజురోజుకీ కుడికి జరుగుతూ డిసెంబరు నాటికి డాల్ఫిన్స్ నోస్ కొండ వైపు మళ్లి, అక్కడ కాస్త తటపటాయించి వెనక్కి తిరుగుతాడు. ఉత్తరాయణం అంటే సంక్రాంతి, సంక్రాంతి అంటే అరిసెలు అన్నంతవరకే నాకు తెలుసు. ఆకాశంలో దానికో దారి ఉందనీ, గట్టు మీద కూర్చుని ఆ దారి చూడొచ్చనీ ఏ పంచాంగమూ నాకు తట్టించలేదు. పైగా జూన్‌లో అయిదున్నరకి ముందే లేచే ఆ మహానుభావుడు డిసెంబరు ఆఖరికి ఆరుంబావు దాటితే గానీ లేవడు. “చూశావా, సూర్యుడంతటివాడే చలికాలం గంట ఎక్కువ పడుకుంటాడు” అని మా ఆవిడతో అన్నాను.

“ఆయనకి షుగర్ లేదు” అంది.

కొన్నాళ్లు పొద్దున్నే జాలారిపేట వాళ్లు అలివి వల లాగుతుంటారు. వలని పడవలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రాకారంగా దింపి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకి తెస్తారు. ఒక్కో తాడుకీ ఓ వరస మనుషులు. మడమలు ఇసుకలో దిగేసి, వెనక్కి వాలి, పాటతో పాటు అడుగులు వెనక్కి వేస్తూ లాగుతారు. రెండు వరసలూ మెల్లమెల్లగా దగ్గరవుతాయి. వల కనబడేసరికి గంట దాటుతుంది. ఆ గంటసేపూ వాళ్ల చుట్టూ మా వాకింగ్ బృందం చేరుతుంది. జన్మలో తాడు పట్టనివాళ్లు కూడా అప్పుడు సలహాలిస్తారు. రిటైరైన ఇంజనీరుగారొకరు “ఎడమ పక్క టెన్షన్ తక్కువైందయ్యా” అంటారు. ఎడమ పక్కవాళ్లు ఆయన వైపు చూడనైనా చూడరు. వాళ్ల ఒంట్లో ఉన్నంత టెన్షన్ ఈయన సర్వీసు మొత్తంలో చూసి ఉండరు.

గంప పక్కన పెట్టుకుని వల కోసం కాచుక్కూర్చున్న ముసలావిడ ఓ రోజు నన్ను ఎగాదిగా చూసి, “రోజూ సూత్తన్నాను బాబూ. తవరు నడడానికొత్తన్నారా, నిలబడ్డానికొత్తన్నారా?” అని అడిగింది.

“రెండూనమ్మా” అన్నాను.

“మరైతే ఆ తాడట్టుకోండి. రెండూ అవుతాయి” అంది.

పట్టుకున్నాను. అరచేతులు మండాయి, పిక్కలు పట్టేశాయి, ఎవరో నా వెనక నవ్వారు. ఒడ్డుకొచ్చిన వలలో గుప్పెళ్లకొద్దీ నెత్తళ్లు, కొన్ని కవళ్లు, ఒకటో రెండో కానాగంతలు, మన నగరవాసులు భక్తితో సముద్రుడికి సమర్పించిన ప్లాస్టిక్ కవర్లు. అంతమంది అంతసేపు లాగినదానికి ఇంతేనా అని నాకనిపించింది గానీ ముసలావిడ మొహంలో ఆశ్చర్యమేమీ లేదు. గంప నింపుకుని బేరానికి కూర్చుంది. నా వాచీ మాత్రం వెనక్కి వేసిన అడుగులన్నీ ముందుకి వేసినట్టే రాసుకుంది. దాని మీద నాకు గౌరవం కలిగింది ఆ ఒక్కసారే.

నిలబడిన చోట కాలికింద ఇసుక చూస్తే అదో పురాణం. కెరటం వెనక్కి వెళ్లినప్పుడు తేలిక ఇసుకని లాక్కుపోతుంది, బరువైనది చారలు చారలుగా మిగిలిపోతుంది. నల్లచార ఇల్మెనైట్, ఎర్రచార గార్నెట్. తూర్పు కనుమల రాళ్లు అరిగి అరిగి వాగుల్లో కొట్టుకొచ్చిన సరుకు ఇదంతా. చాలామంది ఆ నల్లచారని మురుగనుకుని ముక్కు మూసుకుని దాటేస్తారు. నాకు మటుకు ఎర్రచారతో పెద్ద ఖర్చు తప్పింది. రాహువుకి శాంతిగా గోమేధికం ఉంగరం పెట్టుకోవాలని మా సిద్ధాంతిగారు ఎప్పట్నుంచో పోరుతున్నారు. గోమేధికం గార్నెట్ జాతి రాయే. ఉచితంగా పాదాల నిండా తొక్కుతున్నాను కదా, వేలికెందుకని ఆయన్నే అడిగాను. కాలి కిందున్నదాన్ని రాహువు లెక్కలోకి తీసుకోడన్నారు. వాచీ తీసుకుంటుంది, రాహువు తీసుకోడు!

ఆ ఇసుకా ఇక్కడ కుదురుగా ఉండదు. నైరుతి గాలుల కాలంలో కెరటాలు దాన్ని దక్షిణం నుంచి ఉత్తరానికి తోసుకుపోతాయి. 1933లో తెరిచిన మన పోర్టు ఆ దారికి అడ్డొచ్చింది. వెనక నుంచి రావాల్సిన ఇసుక పోర్టు దగ్గర ఆగిపోతుంది, ముందున్న ఇసుక బీచ్ నుంచి వెళ్లిపోతుంది. అందుకని పోర్టువాళ్లు ఆగిన ఇసుకని తవ్వి గొట్టాలతో తెచ్చి ఆర్.కె. బీచ్‌లో పోస్తుంటారు. సముద్రం దాన్ని మళ్లీ తీసుకెళ్తుంది. ఈ వ్యవహారంలో ఎవరూ అలసిపోయినట్టు కనబడదు.

చలికాలం చివర్లో ఇంకో హడావుడి. ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకొచ్చి గుంట తవ్వి వందకి అటూఇటూగా గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. ఎక్కడెక్కడో సముద్రాలు తిరిగిన ఆడతాబేలు కాన్పుకి మాత్రం పుట్టింటికే వస్తుంది, తాను పుట్టిన తీరం చుట్టుపక్కలకే. కుక్కలు తవ్వెయ్యకుండా ఆ గుడ్లని అటవీశాఖవాళ్లు కంచె వేసిన చోటికి తీసుకెళ్లి మళ్లీ ఇసుకలో పూడుస్తారు. నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడిగా ఉంటే ఎక్కువ ఆడపిల్లలు, చల్లగా ఉంటే ఎక్కువ మగపిల్లలు. వాటిని పొద్దున్నే నీటి దగ్గర వదులుతారు. అరచేతిలో సగం కూడా లేని ఆ పిల్ల నాలుగడుగులు వేసి ఆగుతుంది. తడి ఇసుకలో మన అడుగుజాడ దానికో లోయ. అందులో పడి, తన్నుకుని పైకొచ్చి, మళ్లీ నడుస్తుంది. కెరటమొచ్చి వెనక్కి విసిరేస్తే తిరగబడి మళ్లీ మొదటి నుంచి. ఆ పావుగంటలో మా బృందంలో మధురవాడ గురించి ఒక్క మాట వినబడదు. ఇంజనీరుగారు కూడా సలహా ఇవ్వరు.

వెనక్కి వెళ్లేటప్పుడు సబ్‌మెరైన్ దగ్గర నేను ఓ నిమిషం ఎక్కువే ఆగుతాను. ఐ.ఎన్.ఎస్. కురుసుర 1969లో నౌకాదళంలో చేరి, 2001లో రిటైరై, 2002 నుంచి ఈ ఇసుకలోనే మ్యూజియంగా ఉంది. 31 ఏళ్ల సర్వీసు, ఆపైన బీచ్‌లో స్థిరనివాసం. అంగుళం కదలదు. దానికేమో టిక్కెట్టు కొని మరీ జనం చూసి మెచ్చుకుంటారు. అదే పని నేను చేస్తే కాఫీ ఆపేస్తారు.

రేపు పొద్దున్న వీలైతే మీరూ రండి. రోడ్డు దిగి ఇసుకలోకి వచ్చెయ్యండి. చెప్పులు చేత్తో పట్టుకోండి, పీత కన్నం కనబడితే కాస్త పక్కనుంచి వెళ్లండి, కవర్లూ సీసాలూ ఇంటికే తీసుకెళ్లండి. రాగిజావ ఖర్చు నాది. ఒక్కటే షరతు: మా ఆవిడ ఫోన్ చేసి అడిగితే మాత్రం, “ఆయనా? అదిగో, మాకన్నా చాలా ముందు నడుస్తున్నారండీ” అని చెప్పండి.